గాగుల్స్ తీసి చూడమ్మా డిటెక్టివూ!

మన తెలుగు లేడీ డిటెక్టివ్ కథల మీద నాకో పెద్ద పేచీ ఉంది. ముఖ్యంగా అరకు వెళ్ళే లేడీ డిటెక్టివ్ మీద. చాలా రోజుల్నుంచి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నా, ఇవ్వాళ కక్కేస్తున్నా. డిటెక్టివ్ కథలంటే పడనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. పడేవాళ్ళు, అందులోనూ ఇంజనీరింగ్ పుస్తకం మధ్యలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదివి కూడా పాసైపోయినవాళ్ళు, కాస్త ఓపిగ్గా చివరిదాకా రండి.

ముందు మూస చెప్తాను. వారపత్రికల్లోనూ, ఆ తర్వాత ఫోన్లలో చదువుకునే, వినుకునే కథల్లోనూ నాకు తగిలినవన్నీ కలిపి వండితే ఇలా ఉంటుంది. రచయితల పేర్లు చెప్పను, ఎందుకంటే ఇది ఒకరి తప్పు కాదు.

విశాఖలోనో హైదరాబాదులోనో ఓ లేడీ డిటెక్టివ్. పేరు మూడక్షరాలు, కవర్ మీద అచ్చేస్తే అందంగా కనపడాలి కదా మరి. మొదటి పేరాలో ఆవిడ ఎత్తు, రంగు, జుట్టు. రెండో పేరాలో జీన్సు, గాగుల్స్, కారు దిగేటప్పుడు చుట్టూ ఉన్న మగాళ్ళ గుటకలు. మూడో పేరాలో ఫోను మోగుతుంది. అరకులో ఓ రిసార్టు ఓనరు గారు పోయారు. ఆవిడ ఘాట్ రోడ్డెక్కుతుంది. పొగమంచు. గెస్ట్‌హౌస్‌లో రెండో భార్య, మేనల్లుడు, మేనేజరు, ఓ డాక్టరు. రాత్రి థింసా నృత్యం, బొంగులో చికెన్. కొండమీంచి ఓ ముసలాయన ఊడిపడి "అమ్మవారు ఆగ్రహించింది దొరా" అంటాడు. అందరికీ ఆయన మీదే అనుమానం. బొర్రా గుహల్లోనో రైలు సొరంగంలోనో ఓ ఛేజింగు. చివరికి మేనల్లుడే హంతకుడు. ఎలా తెలిసిందయ్యా అంటే, మేనల్లుడు ఆవిడ అందానికి పడిపోయి, తాగి, తనే వాగేశాడు! శుభం.

ఓరి నాయనో, ఇందులో డిటెక్షన్ ఎక్కడుందండీ?

మనందరికీ తెలిసిన భాషలో చెప్తాను. ప్రొడక్షన్‌లో ఏదో పగిలింది. రూట్ కాజ్ ఏంట్రా అని మేనేజరు అడిగితే, "సార్, బగ్గే నా దగ్గరికొచ్చి తన పేరు చెప్పుకుంది" అంటే ఊరుకుంటాడా? లాగ్ చూశావా, ఎప్పట్నుంచి మొదలైంది, దానికి ముందు ఎవరు ఏం మార్చారు, నువ్వు మళ్ళీ రప్పించగలవా అని నలిపేస్తాడు. డిటెక్టివ్ కథలో ఉండే మజా అంతా ఆ నలుపుడులోనే ఉంది. మన కళ్ళముందే ఉన్న ముక్క మనకి కనపడలేదు, ఆవిడకి కనపడింది. చివర్లో చెప్పగానే "అరె, నిజమే, మూడో పేజీలోనే ఉందే!" అని మనం నెత్తి కొట్టుకోవాలి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు మన నాన్నల తరాన్ని అన్నేళ్ళు కట్టిపడేసింది ఈ సరుకుతోనే. యుగంధర్ ఏ రంగు చొక్కా వేసుకున్నాడో నాకు గుర్తులేదు. ఆయన వరసగా ప్రశ్నలు అడిగే పద్ధతి మాత్రం గుర్తుంది.

ఇప్పుడు నా పేచీ ఒక్క ముక్కలో: డిటెక్టివ్ అంటే చూసే మనిషి. మన లేడీ డిటెక్టివ్‌ని మాత్రం అందరూ చూస్తుంటారు, ఆవిడ దేన్నీ చూడదు. కథంతా ఆవిడ మొహం మీద ఫ్లడ్‌లైటు వేసి, కేసు చీకట్లో వదిలేస్తారు.

"గురూ, ఇది టైంపాస్ సరుకు, నువ్వు మరీ సీరియస్‌గా తీసుకుంటున్నావు, ఆడది అందంగా ఉంటే నీకేం నొప్పి" అనేవాళ్ళుంటారని తెలుసు. నాకేం నొప్పి లేదు. అందం మీద, గ్లామర్ మీద నాకు కోపమే లేదు. గ్లామర్ వల్ల డిటెక్టివ్ చెడిపోదని లోకమంతా రుజువులున్నాయి. అమెరికాలో 1957లో హనీ వెస్ట్ అని ఓ గ్లామర్ డిటెక్టివ్ నవలల్లోకి వచ్చింది, 1965కల్లా టీవీలోకీ ఎక్కింది. అంత దూరం ఎందుకు, పక్కనే తమిళంలో పట్టుక్కోట్టై ప్రభాకర్ గారి భరత్-సుశీల జంట ఉంది. సుశీల టీషర్టుల మీద రాసుండే కొంటె మాటలకి అక్కడ ప్రత్యేకంగా అభిమానులున్నారు. కానీ 'మూన్‌లైట్ ఏజెన్సీస్' అనే ఆఫీసులో ఆమె పార్ట్‌నరు, కేసులో ఆమెకీ పనుంటుంది.

రెండో వైపు చూడండి. అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్‌ని 1927లో ఓ చిన్న కథతోనే మొదలుపెట్టింది. ఆ వరస కథలు 1932లో 'ది థర్టీన్ ప్రాబ్లమ్స్' అని పుస్తకంగా వచ్చాయి. నలుగురు పెద్దమనుషులు చేరి తలా ఓ మిస్టరీ చెప్తారు. మూల కూర్చుని అల్లిక అల్లుకునే ముసలావిడని ఎవరూ పట్టించుకోరు. జవాబు మాత్రం ప్రతిసారీ ఆవిడ దగ్గరే ఉంటుంది. ఎవరూ తనని చూడకపోవడమే ఆవిడ బలం. బోట్స్‌వానాలో జరిగే మా రమోట్స్వే కథలు (మొదటి పుస్తకం 1998) కూడా అంతే. లావుపాటి ఆవిడ, ఊళ్ళో అందరి పుట్టుపూర్వోత్తరాలు తెలిసినావిడ, టీ తాగుతూ అడుగుతుంది, వింటుంది. అందంగా ఉందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఆమె కళ్ళు పనిచేస్తున్నాయా లేదా అన్నదే ప్రశ్న.

మనకి ఆ అలవాటు ఎందుకు కాలేదంటే, నాకు తోచిన కారణం ఒకటుంది. తెలుగులో రచయిత్రులు నవలని ఏలిన రోజుల్లో కూడా డిటెక్టివ్ నవల మాత్రం ఎక్కువగా మగ రచయితల అడ్డాగానే నడిచింది. సినిమా సంగతి సరేసరి. 1970లో 'రౌడీ రాణి'తో విజయలలిత తుపాకీ పట్టి గుర్రమెక్కితే జనం వెర్రెత్తి చూశారు, బావుంది. కానీ ఆ పాత్రకి ఇచ్చిన పని పగ తీర్చుకోవడం. ఆలోచించి ఆనవాళ్ళు పట్టే పని 1986లో 'చంటబ్బాయ్'లో చిరంజీవికి దక్కింది. పైగా ఆ పాండురంగారావు ఎంత వెర్రిబాగులవాడైనా మనకి నచ్చాడు! మగ డిటెక్టివ్ వెర్రివాడిగా ఉండొచ్చు, బట్టతలతో ఉండొచ్చు, జేబులో పైసా లేకుండా ఉండొచ్చు. ఆడ డిటెక్టివ్ మాత్రం కవర్ పేజీలా ఉండి తీరాలి. 1990ల్లో ఈటీవీలో వంశీ 'లేడీ డిటెక్టివ్' అని సీరియల్ తీస్తే ఆ పేరు ఇప్పటికీ మా తరం నోట్లో ఆడుతోంది. అంటే చూసేవాళ్ళకి ఆకలుంది. వడ్డించేవాళ్ళే ఆ తర్వాత విస్తరి ఎత్తేశారు.

సరే, ఇక అరకు సంగతికొద్దాం. అసలు మంట అక్కడుంది.

డిటెక్టివ్‌కి చేసిన అన్యాయమే ఈ కథలు ఆ కొండలకీ చేస్తాయి. ఆవిడలాగే అరకు కూడా చూడ్డానికి మాత్రమే పనికొచ్చే వస్తువు. పొగమంచు, జలపాతం, నవంబరులో పచ్చగా విరగబూసే వలిసె పూలు, వరసలో చేతులు పట్టుకుని ఆడే ఆడవాళ్ళు. అక్కడ బతికే మనుషులు మాత్రం ఏమీ చూడరు, ఏమీ తెలుసుకోరు, ఎవరూ వాళ్ళని సరైన ప్రశ్న అడగరు. వాళ్ళకి కథలో రెండే ఉద్యోగాలు. ఒకటి భయపెట్టడం, రెండు భయపడటం.

ఆ ముసలాయన్నే తీసుకోండి. నూటికి తొంభై కథల్లో ఆయన 'కోయదొర'. నెత్తిన ఈకలు, చేతిలో కర్ర. అయ్యా, కోయవాళ్ళు ఎక్కువగా ఉండేది గోదావరి పక్కన, భద్రాచలం, చింతూరు వైపు. అరకు, పాడేరు కొండల్లో ఎక్కువగా ఉండేది బగత, కొండదొర, కోందు, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ జనం. ఇంట్లో కువి మాట్లాడేవాళ్ళున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళున్నారు, తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు. ఒకే సంతలో మూడు భాషల్లో బేరం నడుస్తుంది. ఇక డిటెక్టివ్ కథకి ఇంతకంటే ఏం కావాలి? సాక్షి కువిలో చెప్పాడు, మధ్యలో ఒకడు ఒడియాలోకి తెచ్చాడు, ఇంకొకడు దాన్ని తెలుగులో రాసుకున్నాడు. ఎక్కడో ఒక మాట జారింది. ఆ జారిన మాటే క్లూ! చేతిలో పెట్టుకుని తిరుగుతూ మన రచయిత ఆ ముసలాయన చేత "దొరా" అనిపించి ఊరుకుంటాడు.

భాష పోనీండి. అసలు ప్లాటే నిలబడదు. నా మట్టుకు నాకు అన్నిటికంటే చిర్రెత్తించేది ఇదే.

'హైదరాబాద్ వ్యాపారి అరకులో నలభై ఎకరాలు కొన్నాడు, రిసార్టు కట్టాడు, రెండో భార్య పేర రాసిచ్చాడు, మేనల్లుడికి మండింది.' ఇదీ మోటివ్. అయ్యా బాబూ, అరకు లోయ షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ని సవరిస్తూ 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్, అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలిచేది, అమల్లో ఉంది. దాని ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి అమ్మడం, లీజుకివ్వడం, దానం చెయ్యడం ఏదీ చెల్లదు. గిరిజనుడు అమ్మినా అంతే, గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా అంతే. అంతటితో అయిపోలేదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి కనపడితే, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం ఆ భూమి మీద కూర్చున్నవాడిది!

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇలాంటి చట్టం ఉన్న చోట హత్య జరిగితే డిటెక్టివ్ అడగాల్సిన మొదటి ప్రశ్న "నిన్న రాత్రి పదింటికి ఎక్కడున్నారు?" కాదు. "ఈ పట్టా ఎవరి పేరు మీదుంది?" అనేదే. ఎందుకంటే అక్కడ భూమికి కాగితం మీద ఒక మనిషి, గల్లాపెట్టె దగ్గర ఇంకో మనిషి ఉండొచ్చు. బినామీ అనే మాట వినగానే మనకి రాజకీయ నాయకులు గుర్తొస్తారు. ఆ కొండల్లో బినామీ అంటే తన పేరుమీదున్న మేడలోనే గేటు దగ్గర కాపలా కాసే మనిషి కూడా కావచ్చు. మేనల్లుడి మోటివ్ కంటే ఇది పది రెట్లు బలమైన మోటివ్ కాదూ?

ఇలాంటి కేసు ఒకటి నిజంగానే దేశంలో పెద్ద కోర్టు దాకా వెళ్ళింది. మన కథల్లో ఛేజింగులు జరిగే ఆ బొర్రా చుట్టుపక్కల, అనంతగిరి మండలంలో, గిరిజన భూముల్లో ప్రైవేటు కంపెనీలకి మైనింగు లీజులిచ్చారు. 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులైలో సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ రెగ్యులేషన్‌లో 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో తన భూమిని సైతం గిరిజనేతర కంపెనీకి లీజుకివ్వడానికి ప్రభుత్వానికీ వీల్లేదు అంది. ఒక్క మాటకి అర్థం ఏమిటన్న దాని మీద ఒక లోయ భవిష్యత్తు తిరిగిపోయింది. లేడీ డిటెక్టివ్ అదే గుహలో హై హీల్స్‌తో పరిగెడుతుంటే, అసలు మిస్టరీ ఆమె కాళ్ళ కిందే ఉంది. గాగుల్స్ తీస్తే కదా కనపడేది!

"మరీ చట్టాలూ కోర్టులూ అంటే జనం చదవరు బాబూ" అని ఓ ఎడిటర్ గారి వాదన. పోనీ, చట్టం వద్దు. ఇదిగో మూడు కథలు, ఉచితంగా ఇస్తున్నా, ఎవరైనా రాసుకోండి.

ఒకటి. కాఫీ కథ. అరకు అరబికాకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, మనం ఆఫీసులో గొప్పగా తాగుతున్నాం. పండిన కాఫీ పళ్ళు కోసి, తొక్క తీసి, కడిగి, ఆరబెడతారు. పైన పొర ఉండగా ఎండిన ఆ గింజల్ని పార్చ్‌మెంట్ అంటారు. తడిగా ఉన్నప్పుడు ఉండే బరువు ఎండాక ఉండదు, బాగా పడిపోతుంది. ఇప్పుడు ఓ గోడౌన్లో బస్తాల్లెక్క సరిగ్గా ఉంది, కిలోల్లెక్క తప్పింది. కాపలావాడు దొంగ అన్నారు, వాణ్ణి కట్టేసి కొట్టారు. డిటెక్టివ్ ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: "ఏ రోజు తూచారు? ఆ రోజు వాన పడిందా?" దొంగే లేని దొంగతనం. లేదా, తడి తూకానికి కాగితం రాసి తేడా డబ్బు నొక్కేసిన గుమాస్తా దొంగ. నాలుగు పేజీల కథ. హత్య కూడా అక్కర్లేదు.

రెండు. రైలు కథ. కొత్తవలస-కిరండూల్ లైను బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసింది. దాని మీద 58 సొరంగాలు. మన రచయితలందరికీ సొరంగం అనగానే చీకట్లో హత్య గుర్తొస్తుంది, కానీ పెట్టెలో లైట్లు వెలుగుతాయన్న సంగతి గుర్తురాదు. వెలుతుర్లోనే జరిపించండి. ఆ పెట్టెలో రెండు లోకాలు పక్కపక్కనే కూర్చుంటాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ కేకలు వేస్తూ ఫోన్లు పైకెత్తే టూరిస్టులు ఒకపక్క. సంతకి పోయే బుట్టలతో, రోజూ ఆ దారినే తిరిగే ఆడవాళ్ళు ఇంకోపక్క. ఎన్నో సొరంగంలో ఏం జరిగిందని పోలీసులు వీడియోలున్న టూరిస్టుల్ని అడుగుతారు. ఏ సొరంగం ఎంతసేపుంటుందో ఒంటికి అలవాటైన ఆ బుట్టల ఆవిణ్ణి ఎవరూ అడగరు. డిటెక్టివ్ అడుగుతుంది. కేసు తేలిపోతుంది.

మూడు. ఇది కాస్త బరువైనది. చిల్లంగి కథ. ఊళ్ళో వరసగా జ్వరాలు, ఇద్దరు పిల్లలు పోయారు. ఒంటరి ముసలామె చిల్లంగి పెట్టిందని ఎవరో పుట్టించారు. ఆమె శవమై తేలింది. ఇలాంటి చావులు ఆ ప్రాంతంలో వార్తల్లో వస్తూనే ఉన్నాయి. మన కథల్లో అయితే 'మూఢనమ్మకాల ఆదివాసులు' అని ఓ లెక్చరిచ్చి కారెక్కేస్తారు. కానీ ఆ ఊళ్ళో ఓ ఆశా కార్యకర్త ఉంటుంది. ఎవరింట్లో ఎవరికి ఏ తారీఖున జ్వరం మొదలైందో, ఎవరికి మలేరియా పరీక్ష చేసిందో ఆమె రిజిస్టర్లో ఉంటుంది. అది లాగ్ ఫైల్ కాకపోతే ఇంకేమిటండీ? టైంస్టాంపులతో సహా! ఆ రిజిస్టరు తిరగేస్తే మొదటి జ్వరం ముసలామె ఇంటి పక్క కాదు, వాగు పక్క మొదలైంది. చిల్లంగి పుకారు మొదటి పిల్లాడు పోయాక కాదు, అంతకు వారం ముందే మొదలైంది. అంటే పుకారుకి జ్వరంతో పనిలేదు. మరి దేంతో పని? ముసలామె పోతే ఆమె చెక్క భూమి ఎవరికొస్తుంది? అంతే.

ఈ మూడు కథల్లోనూ డిటెక్టివ్ ఎలా ఉంటుందో నేను చెప్పలేదు, గమనించారా? మీ ఇష్టం. ఎర్ర జార్జెట్ చీర కట్టండి, జీన్సెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. లేదా ఆ ఆశా కార్యకర్తనే డిటెక్టివ్‌ని చెయ్యండి. నన్నడిగితే మిస్ మార్పుల్ కంటే ఆమె నాలుగాకులు ఎక్కువే చదివింది. ప్రతి గడపా ఎక్కుతుంది, మూడు భాషలూ వచ్చు, ఎవరూ ఆమెని ఓ లెక్కలో మనిషిగా చూడరు. పట్నం నుంచి వచ్చిన గ్లామర్ డిటెక్టివ్ ఆమె పక్కన కూర్చుని నేర్చుకుంటే, అదీ కథే.

ఇప్పుడు చివరి మాట. ఇంతసేపు నవ్వుతూ రాశాను గానీ, దీనికోసమే మొదలుపెట్టాను.

పాడేరు దాటి ఇంకా లోపలికి వెళ్తే జి.మాడుగుల మండలంలో వాకపల్లి అని ఓ చిన్న కోందు ఊరు. 2007 ఆగస్టు 20న కూంబింగుకొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని ఆ ఊరి ఆడవాళ్ళు పదకొండు మంది ఫిర్యాదు చేశారు. కేసు హైకోర్టుకెక్కింది, సుప్రీంకోర్టుకెక్కింది, ఏళ్ళు గడిచాయి. 2023 ఏప్రిల్లో విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు తీర్పిచ్చింది. నిందితులైన పోలీసుల్ని నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చెయ్యలేదని అంది, ఆ ఆడవాళ్ళకి పరిహారం ఇవ్వమంది. ఫిర్యాదుకీ తీర్పుకీ మధ్య దాదాపు పదహారేళ్ళు.

కోర్టు చెప్పినదానికి మించి నేనేమీ అనడం లేదు. కోర్టు చెప్పిందే చాలు. దర్యాప్తు సరిగా జరగలేదు. అంటే చూడాల్సినవాళ్ళు చూడలేదు, అడగాల్సిన ప్రశ్నలు అడగాల్సిన రోజున అడగలేదు. మన భాషలో చెప్పాలంటే, ఘోరమైన ఇన్సిడెంట్ రిపోర్టయింది, లాగులు సరిగా సేకరించలేదు, పదహారేళ్ళ తర్వాత రూట్ కాజ్ తెలియదని టికెట్ మూసేశారు. మనం రాసే సాఫ్టువేర్లో అయితే ఉద్యోగాలు ఊడతాయి. అక్కడ ఊడింది పదకొండు మంది ఆడవాళ్ళకి ఈ దేశం మీద ఉన్న నమ్మకం.

డిటెక్టివ్ కథ మనకిచ్చే మాట ఒకటే. ఎంత చిన్నవాళ్ళకి అన్యాయం జరిగినా, ఎవరో ఒకరు వచ్చి, శ్రద్ధగా చూసి, విని, నిజం తేలుస్తారని. ఆ ఒక్క మాట కోసమే మనం చిన్నప్పట్నుంచీ ఈ కథలు చదువుతున్నాం, హత్యలంటే సరదా ఉండి కాదు. ఆ మాట అత్యవసరంగా కావలసిన కొండల్లోకి మన డిటెక్టివ్‌ని పంపించి, ఆమె చేత పొగమంచులో ఫోటోలు దిగించి వెనక్కి తీసుకొస్తున్నాం. వాకపల్లి లాంటి చోట ఆడవాళ్ళ మాట వినడానికి ఓ ఆడ డిటెక్టివ్ కావాలని ఊహకైనా రాని సాహిత్యం మనది. కథలు రాస్తే దర్యాప్తులు బాగుపడతాయా అంటే, పడవు, అంత వెర్రి ఆశ నాకు లేదు. కానీ ఆ కొండల మనుషుల్ని సాక్షులుగా ఊహించుకోవడం కూడా చేతకాని పాఠకులం, రేపు జ్యూరీలాగా టీవీ ముందు కూర్చుని "వాళ్ళ మాటేం నమ్ముతాం లెండి" అంటాం. అంటున్నాం కూడా. మన ఆఫీసు క్యాంటీన్లలో నేను విన్నాను.

అభ్యంతరం చెప్పేవాళ్ళకి ఇంకో మాట మిగిలే ఉంటుంది: "నువ్వు రాయొచ్చుగా?" నిజమే, ఆ కొండల వాళ్ళే రాస్తే ఇంకా మంచిది. అక్కడి పిల్లలు చదువుకుంటున్నారు, ఇంజనీరింగ్ సీట్లలోకి, మన క్యూబికల్స్‌లోకి వస్తున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఏదో రోజు మనందరి గాగుల్స్ ఊడగొట్టే డిటెక్టివ్ కథ రాస్తుంది, అనుమానం లేదు. ఆలోగా రాస్తున్నవాళ్ళకి నాదొకటే రిక్వైర్‌మెంట్, ఒక్క లైను: మొదటి పేరాలో మీ డిటెక్టివ్ ఎలా కనిపించిందో రాయడం మానేసి, ఆమెకి ఏం కనిపించిందో రాయండి.

రెండో పేరా నుంచి మీ ఇష్టం. చీర రంగు అక్కడ చెప్పుకోండి :)